చెక్కలో నీళ్ల లెక్క

గాలివాన వెలిసిన మర్నాడు డెల్టా పల్లెల్లో మొదటి పని రోడ్డుకు అడ్డంగా పడిన చెట్లను తొలగించడమే. 1996 నవంబరు 6 నాటి తుపానుకు కోనసీమలో లక్షల కొబ్బరిచెట్లు నేలకూలాయి. తుపాను రాకపోయినా రోడ్డు వెడల్పు చేసినప్పుడో, పెరట్లో గది వేసుకున్నప్పుడో, పాత తోట తీసేసి కొత్త మొక్క నాటినప్పుడో చెట్టు పడుతూనే ఉంటుంది. కట్టెల బేరగాడు వస్తాడు. టన్నుకింత అని మాట్లాడుకుని, ముక్కలు కోసి ట్రాక్టరు మీద వేసుకుపోతాడు. ఏలూరు కాలవగట్టు నిద్రగన్నేరైనా, తాడేపల్లిగూడెం పెరటి వేపైనా, నూజివీడు తోటలో కాపు తగ్గిన ముసలి మామిడైనా చాలావరకు చేరేది పొయ్యిలోకో ఇటుక బట్టీలోకో. అదే వీధిలో అదే నెలలో ఎవరో ఒకరు రంపపు పొట్టును జిగురుతో అదిమి చేసిన పలకల బీరువా కొని తెచ్చుకుంటారు. నాలుగు వానాకాలాలు గడవకముందే దాని అడుగు ఉబ్బిపోతుంది.

పడిన చెట్టును ఇంటి సామానుగా మార్చుకోవడం మనవల్ల అయ్యే పనే. వడ్రంగి దగ్గర ఉలి పనితనం ఉంటుంది. చెట్టు సొంతదారుకు తెలియాల్సింది నీళ్ల సంగతి. చెక్కలో నీళ్లు ఎక్కడుంటాయి, ఎలా పోతాయి, పోయినవి మళ్లీ ఎప్పుడు వస్తాయి అన్న మూడు ప్రశ్నలే కోత దగ్గర్నుంచి పాలిష్ దాకా ప్రతి పనినీ నడిపిస్తాయి.

ముందుగా అనుమతుల మాట. మన రాష్ట్రంలో 2002 నాటి వాల్టా చట్టం నీటితోపాటు చెట్టునూ కాపాడుతుంది కాబట్టి, సొంత స్థలంలోదైనా సరే, గొడ్డలి పెట్టేముందు అధికారులను అడగాలి. కాలవగట్టు, రోడ్డు పక్క చెట్లు మనవి కావు. వాటిని సంబంధిత శాఖ వేలం వేసినప్పుడే కొనుక్కోవాలి. కోత మిల్లు పెట్టాలంటే అటవీశాఖ లైసెన్సు తప్పనిసరి. చెయిన్ రంపానికి చట్రం బిగించి పలకలు తీసే చిన్న యంత్రాలు ఇప్పుడు బజారులో దొరుకుతున్నా, కొనేముందు అటవీ అధికారిని కనుక్కోవడం మంచిది. అందుకే మన దగ్గర సొంత కోత అంటే ఎక్కువమందికి దుంగను మిల్లుకు తోలుకెళ్లి, దగ్గరుండి, ఎలా కొయ్యాలో చెప్పి కోయించుకోవడమే. అలా చెప్పగలగాలంటే కొలత తెలియాలి.

కలప అడితిలో దుంగను చుట్టుకొలతలో నాలుగో వంతు లెక్కన కొలుస్తారు. టేపుతో దుంగ నడుము చుట్టూ కొలిచి, దాన్ని నాలుగుతో భాగించి, వచ్చినదాన్ని దానితోనే హెచ్చవేసి, పొడవుతో గుణిస్తారు. 60 అంగుళాల చుట్టుకొలత, 8 అడుగుల పొడవు ఉన్న దుంగను తీసుకోండి. నాలుగో వంతు 15. పదిహేను పదిహేనులు 225. దాన్ని 8తో గుణించి 144తో భాగిస్తే పన్నెండున్నర ఘనపుటడుగులు. అదే దుంగను అసలైన స్తంభంగా లెక్కగడితే దాదాపు 16 వస్తుంది. తేడా మోసమేమీ కాదు. గుండ్రటి మానును చదరం చేసేటప్పుడు పోయే పక్క చెక్కలకూ, రంపం తినే పొట్టుకూ పాతకాలం వ్యాపారులు ముందే తీసేసిన తరుగది. ఈ లెక్క తెలిసినవాడు కట్టెల బేరగాడి టన్ను ధరను ఘనపుటడుగు ధరతో పోల్చి చూసుకోగలడు. రెంటికీ పోలికే ఉండదని అప్పుడు అర్థమవుతుంది.

రంపం తినే పొట్టు చిన్న విషయం కాదు. చెయిన్ రంపం ఒక్కో గాటుకు సుమారు 9 మిల్లీమీటర్ల చెక్కను పొడి చేస్తుంది. అంగుళం పలకలు తీస్తే మానులో నాలుగో వంతు పొట్టయిపోతుంది. మిల్లులోని బ్యాండ్ సా గాటు రెండు మూడు మిల్లీమీటర్లకు మించదు. నష్టం దాదాపు పదో వంతే. పూర్వం దుంగను ఎత్తున నిలిపి, ఒకరు పైన, ఒకరు కింద నిలబడి పెద్ద రంపం లాగేవారు. కింద నిలబడ్డ మనిషి కళ్లలో రోజంతా పొట్టు రాలేది. ఆ కష్టాన్ని యంత్రం తీసేసింది, సంతోషం. కానీ యంత్రం ముందు మేకు దాగదు. వీధి చెట్టుకు బోర్డులు కొట్టిన మేకులు, పెరటి చెట్టుకు బట్టల తీగె కట్టిన కొక్కేలు బెరడు మూసుకుపోయి లోపలే ఉండిపోతాయి. ఒక్క మేకు తగిలితే రంపం పళ్లు పోతాయి. అందుకే మిల్లువాళ్లు ఊళ్లో పెరిగిన చెట్టును చూడగానే మొహం చిట్లిస్తారు. చెక్క మీద నల్లటి, నీలపు మరక ఎక్కడైనా కనిపిస్తే దాని వెనక ఇనుముందేమోనని అనుమానించాలి.

ఇక అసలు సంగతి. కొల్లేటి గట్ల మీద తూటికాడలను కోసి మోపు కట్టి నిలబెడితే ఎలా ఉంటుందో చెక్క లోపలి నిర్మాణం అలాగే ఉంటుంది: నిలువునా సన్నటి గొట్టాలు, ఒకదాన్నొకటి అంటుకుని. గోడలు సెల్యులోజు పోగులవి. వాటిని పట్టి ఉంచే బంక లిగ్నిన్. పచ్చి చెట్టులో నీళ్లు రెండు చోట్ల ఉంటాయి. గొట్టం బోలులో వదులుగా ఉన్నది ఒకటి, గోడల పోగుల మధ్య ఇమిడి పట్టుకుని ఉన్నది రెండోది. చెట్టు కొట్టాక ముందుగా బోలులోని నీరు పోతుంది. అది పోయినంతకాలం దుంగ తేలికవుతుందే తప్ప కొలతలో వెంట్రుకవాసి కూడా మారదు. నీటి బరువు ఎండు చెక్క బరువులో 30 శాతానికి వచ్చేసరికి బోలు ఖాళీ అవుతుంది. ఆ తర్వాత గోడల్లోని నీరు కదలడం మొదలవుతుంది. అప్పుడే చెక్క కుంచించుకుపోతుంది, వంగుతుంది, పగులుతుంది.

కుంచించుకోవడం అన్ని దిక్కులా ఒకేలా ఉండదు. పొడవునా దాదాపు ఉండదు. వెయ్యికి ఒకటో రెండో వంతులు. నడిబొడ్డు నుంచి బెరడు వైపు కొంత. వలయాల వెంట చుట్టూరా అన్నిటికన్నా ఎక్కువ. పచ్చి నుంచి పూర్తిగా ఎండేలోపు టేకు బొడ్డు నుంచి బెరడుకు రెండున్నర శాతం తగ్గితే, వలయాల వెంట 5.8 శాతం తగ్గుతుంది. మామిడిలో ఈ రెండూ 3.6, 5.5. నిద్రగన్నేరులో 2, 3.4 మాత్రమే. దుంగను ఎండలో వదిలేస్తే బొడ్డు దాకా నిలువునా చీలిపోవడానికి కారణం ఈ తేడాయే: చుట్టుకొలత ఎక్కువ తగ్గాలని చూస్తుంది, వ్యాసం అంత తగ్గదు, ఎక్కడో ఒకచోట చీలక తప్పదు.

నిద్రగన్నేరు అంకెలు మరోసారి చూడండి. దక్షిణ అమెరికా వైపు నుంచి వచ్చి, మన రోడ్ల పక్కన గొడుగు పట్టిన ఈ చెట్టును కట్టెలకు తప్ప పనికిరానిదిగా చూస్తారు. కొలత మార్చుకోవడంలో అది టేకు కన్నా నిలకడైనది. హవాయి దీవుల్లో దాని చెక్కతో గిన్నెలు, పళ్లేలు చేసి పేరు తెచ్చుకున్నారు. నడుమ ముదురు గోధుమరంగు చేవ, చుట్టూ పాలిపోయిన తెల్లచెక్క. మూడడుగుల వెడల్పు పలక ఒక్క ముక్కగా వచ్చే చెట్లు మన చుట్టుపక్కల ఇంకేమున్నాయి? ఇంత మానును బట్టీలో వేయడం తప్పని నా గట్టి అభిప్రాయం.

మిల్లు దగ్గర చెప్పాల్సింది రెండు మాటలు. బొడ్డును పలక మధ్యలో ఉంచొద్దు; దాన్ని విడిగా తీసేయమనండి, పగుళ్లన్నీ అక్కడి నుంచే పుడతాయి. రెండోది, వెడల్పాటి బల్ల పైపలకలకు వీలైనంతవరకు వలయాలు పలక ముఖానికి నిలువుగా వచ్చేలా కోయమనండి. అలా కోస్తే పలకలు తక్కువ వస్తాయి, మిల్లువాడికి దుంగను తిప్పే శ్రమ పెరుగుతుంది, కూలి కొంచెం ఎక్కువ అడుగుతాడు. ఇవ్వండి. వెడల్పులో కదలిక బాగా తగ్గుతుంది, మామిడిలో మూడో వంతు, టేకులో సగానికి పైగా. దోనెలా వంగే గుణమూ తగ్గుతుంది.

కోసిన రోజే కొసలకు పాత రంగో, కరిగించిన మైనమో, తారో దట్టంగా పూయాలి. గొట్టాల నోళ్లు తెరుచుకున్నది అక్కడే కాబట్టి ముఖాల కన్నా కొసల నుంచి నీరు పదింతలకు పైగా వేగంగా పోతుంది. నడుమ తడిగా ఉండగా కొసలు ఎండితే అరచేతి పొడవున చీలికలు వస్తాయి. తర్వాత నీడపట్టున, నేలకు అడుగున్నర ఎత్తున దిమ్మెలు వేసి పలకలు పేర్చాలి. పలకకూ పలకకూ మధ్య అంగుళం మందం అడ్డపుల్లలు, రెండడుగులకొకటి, కింది పుల్ల మీదికే పై పుల్ల వచ్చేలా. పుల్ల ఒక చోట, దాని పై పుల్ల ఇంకోచోట పడితే ఆ బరువుకు పలక అలాగే వంగి, వంగినట్టే ఎండుతుంది. గుట్ట మీద నాలుగు బరువైన రాళ్లు పెట్టాలి.

అంగుళం మందానికి ఏడాది ఆరబెట్టాలన్న మాట చలి దేశాల నుంచి వచ్చింది. మన వేడికి అంగుళం మామిడి పలక కొన్ని నెలల్లోనే ఆరుతుంది. మన ఇబ్బంది వేరు. మే నెల వడగాలికి పైపొర ముందే గట్టిపడి సన్నటి నెర్రెలిస్తుంది. అప్పుడు పడమటి వైపు తడిపిన గోనెలు వేలాడదీయాలి. శ్రావణ భాద్రపదాల్లో గాలి ఆడకపోతే లేత రంగు చెక్కలకు నీలిమచ్చ పడుతుంది. అది బూజు. చెక్కలో తేమ 20 శాతం కిందికి దిగితే ఇక పెరగదు. అందుకే చలికాలం మొదట్లో చెట్టు కొట్టి, సంక్రాంతిలోపు పలకలు పేర్చగలిగితే మంచిది. ఎండలు ముదిరేలోపు చెక్క నెమ్మదిగా సగం ఆరిపోతుంది.

ఆరిందో లేదో తెలుసుకోవడానికి తేమ కొలిచే పరికరం లేకపోయినా ఫరవాలేదు. పలక కొస నుంచి అరడుగు వదిలేసి, అక్కడి నుంచి చిన్న ముక్క కోసి కిరాణా కొట్టు ఎలక్ట్రానిక్ కాటా మీద తూచండి. 130 గ్రాములు వచ్చిందనుకుందాం. ఓవెన్లో నూటమూడు డిగ్రీల వేడిలో బరువు ఇక తగ్గదన్నంత వరకు ఉంచి మళ్లీ తూచండి. 100 గ్రాములకు ఆగితే పోయిన నీరు 30. అంటే తేమ 30 శాతం. చెక్క ఇంకా కుంచించుకోవడం మొదలే పెట్టలేదు. ఓవెన్ లేనివారు ఒక పలకకు గుర్తుపెట్టి వారానికోసారి తూచినా చాలు. బరువు దిగడం ఆగిందంటే చెక్క మన గాలితో రాజీకి వచ్చింది.

ఆ రాజీ ఎక్కడ కుదురుతుందన్నది ఊరిని బట్టి ఉంటుంది. గాలిలో తేమ 80 శాతం ఉంటే చెక్క 15, 16 శాతం దగ్గర నిలుస్తుంది. కైకలూరు, ఆకివీడు వైపు చుట్టూ చెరువులే. వానాకాలం ఇంతకన్నా ఎక్కువే ఉంటుంది. ఏసీ గదిలో తేమ 55 శాతం అనుకుంటే చెక్క 10 దాకా దిగుతుంది. ఇప్పుడు మూడడుగుల వెడల్పు, అంటే 90 సెంటీమీటర్ల మామిడి బల్లను కొల్లేటి ఒడ్డున చేసి ఏసీ గదిలో పెట్టామనుకోండి. వలయాల వెంట కోసిన పలకలైతే ఒక్కో శాతానికి 0.18 శాతం తగ్గుతుంది. ఆరు శాతానికి లెక్కవేస్తే దాదాపు ఒక సెంటీమీటరు. ఆ సెంటీమీటరు మేకులతోనో జిగురుతోనో ఆగదు. బిగించి కడితే పలక మధ్యకు పగులుతుంది.

మన మండువా లోగిళ్ల తలుపులు చేసినవాళ్లకు ఈ లెక్కలు కాగితం మీద తెలియకపోవచ్చు, పని మాత్రం తెలుసు. నిలువు, అడ్డ చట్రంలో గాడి తీసి, పలకను జిగురు లేకుండా అందులో వదులుగా నిలిపేవారు. చట్రం చెక్కల నార పొడవు దిశలో ఉంది కాబట్టి చట్రం కదలదు. వెడల్పాటి పలక గాడిలో తనంతట తాను కదులుతుంది. బల్ల పైపలకకూ ఇదే సూత్రం. కాళ్ల చట్రానికి బిగించే మరకు గుండ్రటి రంధ్రం కాక, వెడల్పు దిశలో అరంగుళం పొడుగు గాడి తీయించండి. పది నిమిషాల పని. బల్ల ఆయుష్షు దానిమీదే ఉంటుంది.

నీళ్ల దేశంలో నీటితోనే చెక్కను కాపాడే పద్ధతి ఒకటుంది. దూలాలకు, వాసాలకు కొట్టిన తాడి, వేప, మామిడి మొద్దులను నెలల తరబడి చెరువులోనో కాలవలోనో ముంచి ఉంచడం పాత అలవాటు. దీని వెనక శాస్త్రం గట్టిదే. మునిగిన చెక్కలో గాలి అందదు కాబట్టి కుళ్లబెట్టే బూజు బతకదు. గొట్టాల్లోని పిండిపదార్థాన్ని నీరు కొంత కడిగేస్తుంది, సూక్ష్మజీవులు కొంత తినేస్తాయి. పుచ్చుపురుగు కావాలనుకునేది ఆ పిండినే. తెల్లచెక్కలో పిండి ఉంటుంది, చేవలో ఉండదు. బల్ల కింద పసుపు పొడి రాలుతుంటే అది తెల్లచెక్క వైపే రాలుతుంది. నానిన చెక్క వాసన వేస్తుంది, రంగు కొంచెం మాడుతుంది. ఆరాక వాసన పోతుంది.

తాడి సంగతి ప్రత్యేకం. అది గడ్డి, వరి జాతులకు దగ్గరి చుట్టం. వలయాలు లేవు, చేవ లేదు. గట్టి నల్లటి నార అంతా మాను అంచున దట్టంగా చేరుతుంది, నడుమ మెత్తటి బెండు. బల్లకు పనికిరాని ఈ అమరికే కొల్లేటి దోనెకు వరమైంది. మొదలు లావుగా ఉన్న తాడిని పొడవునా తీసుకుని లోపలి బెండు తొలిస్తే మిగిలేది గట్టి పెంకు. ఒక్క దోనె బోర్లాపడుతుందని రెంటిని పక్కపక్కన కలిపి కట్టేవారు. ఇనుప, ఫైబర్ పడవలు వచ్చాక దోనెలు అరుదైపోయాయి కానీ, చెట్టు స్వభావాన్ని ఇంత సూటిగా వాడుకున్న వస్తువు నాకు మరొకటి కనిపించదు. నూజివీడు వీణ పనివారు పనసను ఎంచుకోవడం కూడా అలాంటి తెలివే.

టేకును చెదలు ముట్టకపోవడానికి అందులోని టెక్టోక్వినోన్ అనే పదార్థం ఒక కారణం. మామిడికి అలాంటి రక్ష లేదు. ఇంట్లో నీడన వాడుకోవాలే తప్ప గుమ్మానికి, బయటి గేటుకు పెట్టకూడదు. కోసిన వెంటనే, పచ్చిగా ఉండగానే, బోరాక్స్, బోరిక్ యాసిడ్ కలిపిన నీళ్లలో పలకలను ముంచి, తర్వాత కొన్ని రోజులు ప్లాస్టిక్ పట్టా కప్పి ఉంచితే మందు లోపలికి పాకుతుంది. వానలో తడిస్తే ఆ మందు కడుక్కుపోతుంది కాబట్టి ఇదీ ఇంటిలోపలి సామానుకే.

చిత్రిక పట్టాక ఉప్పు కాగితం. 80 నంబరుతో మొదలుపెట్టి, 120, 180 దాకా, ఎప్పుడూ నార వెంటే. అడ్డంగా రుద్దిన గీత పాలిష్ పడ్డాకే బయటపడుతుంది. చివరి రుద్దుడుకు ముందు తడిగుడ్డతో ఒకసారి తుడిచి ఆరనిస్తే పడుకున్న నూగు లేస్తుంది. దాన్ని తీసేస్తే ఉపరితలం నున్నగా నిలుస్తుంది. ముక్కుకు మంచి మాస్కు కట్టుకోండి. చెక్కపొడి క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ తేల్చింది. మామిడి సొన పడనివారికి ఆ చెక్కపొడీ ఒంటికి పడకపోవచ్చు.

పాలిష్ వేశాం కదా, ఇక తేమ ఎక్కదనుకోవడం మన ఇళ్లల్లో బలంగా ఉన్న నమ్మకం. అమెరికాలో మాడిసన్‌లోని ఫారెస్ట్ ప్రాడక్ట్స్ లేబొరేటరీ రకరకాల పూతలు వేసిన చెక్కలను 90 శాతం తేమలో రెండు వారాలు ఉంచి తూచింది. కరిగిన మైనంలో ముంచినది బాగా నిలిచింది. అవిసె నూనె మూడు పూతలు వేసినా రెండు వారాలకు తేమను దాదాపు ఏమాత్రం ఆపలేదు. వార్నిషులు మధ్యలో ఉన్నాయి. ఏ పూతైనా చేసేది ఆలస్యమే. ఆ ఆలస్యం విలువైనదే; ఒక్కపూట వాన, ఒక్కరాత్రి ఏసీ చెక్కను కుదిపేయకుండా చూస్తుంది. అందుకే పైన నాలుగు పూతలు వేసి అడుగు భాగాన్ని పచ్చిగా వదిలేయడం పెద్ద పొరపాటు. అడుగు తేమ పీలుస్తుంది, పైభాగం పీల్చదు, పలక వంగుతుంది. కనిపించని అడుక్కీ కనిపించే పైకీ అవే పూతలు, అన్నే పూతలు వేయించండి.

ఏ పూత అన్నది వాడకాన్ని బట్టి. రేగు, మోదుగ కొమ్మల మీద లక్క పురుగు విడిచే జిగురే లక్క. ఏటికొప్పాక బొమ్మల మీద మెరిసేది అదే. లక్క రేకులను స్పిరిట్‌లో కరిగించి గుడ్డతో పొరలు పొరలుగా రుద్దే ఫ్రెంచ్ పాలిష్ అందంలో దేనికీ తీసిపోదు, గీత పడినా మళ్లీ రుద్దుకోవచ్చు. వేడి టీ గ్లాసు పెడితే మాత్రం తెల్లటి చక్రం పడుతుంది. భోజనాల బల్లకు పీయూ (పాలీయురెథేన్) పాలిష్ మేలు. నూనె పూత ఇష్టమైతే అవిసె నూనే వాడాలి. అది గాలిలోని ఆక్సిజన్ తీసుకుని గట్టి పొరగా మారుతుంది. కొబ్బరి నూనెకు ఆ గుణం లేదు, జిడ్డుగానే ఉండిపోతుంది. అవిసె నూనె గట్టిపడే మార్పులో వేడి పుడుతుంది. ఆ నూనె తుడిచిన గుడ్డలను ఉండ చుట్టి మూల పడేస్తే వాటంతటవే అంటుకోవచ్చు. తీగె మీద విడివిడిగా ఆరేసి, గట్టిపడ్డాకే పారేయాలి.

మనవైపు సారె మంచాలు, బీరువాలు ఇప్పుడు ఊరు దాటి హైదరాబాదుకు, బెంగళూరుకు వెళ్తున్నాయి. అక్కడి గాలి మన గాలి కాదు. ఇక్కడ పదహారు దగ్గర రాజీపడ్డ చెక్క అక్కడ వేసవిలో ఇంకా కిందికి దిగుతుంది, అతుకులు విడుతుంది. దానికి వడ్రంగిని తిట్టి లాభం లేదు. సామాను చేయించుకునేటప్పుడు ఆయనకు కొలతలతోపాటు అది ఏ ఊళ్లో, ఏసీ ఉన్న గదిలోనా లేని గదిలోనా ఉండబోతోందో కూడా చెప్పండి. చెక్కను ఇంకెంత ఆరబెట్టాలో, గాడిలో ఎంత ఖాళీ వదలాలో ఆయన తేల్చుకోవాల్సింది దాన్ని బట్టే.